పరుగుకు ముందు: ఇన్‌హేలరా, వార్మప్పా?

డిసెంబరులో ఒడిశాలోని కోరాపుట్ కొండల మీద తెల్లవారకముందే సెలక్షన్ల కోసం పరుగెత్తే కుర్రాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లను గుర్తుపట్టడం తేలిక. పరుగు ఆపిన 5–10 నిమిషాలకు దగ్గు తెరలు, ఛాతీలో పిల్లికూతలు. నోటితో వేగంగా పీల్చిన చల్లటి పొడిగాలి శ్వాసనాళాల లోపలి తడిని ఆర్చేస్తుంది. మిగిలిన ద్రవం చిక్కబడితే మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు అనే రసాయనాలను వదులుతాయి, నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది.

ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ అనే మందు ఆ కండరాన్ని ముందే సడలిస్తుంది. డాక్టరు సాధారణంగా చెప్పేది 2 పఫ్‌లు, పరుగుకు 10–15 నిమిషాల ముందు. 2–4 గంటలు కాపు కాస్తుంది. "పనిచేయలేదు" అన్నచోట ముందు వాడిన తీరు చూడాలి: డబ్బా ఊపారా, పీల్చడం మొదలుపెడుతూనే నొక్కారా, ఊపిరి 10 సెకన్లు బిగపట్టారా? రెండు పఫ్‌లూ ఒక్క ఊపిరిలో నొక్కేయకూడదు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టుకుంటే మేలు. రోజూ వాడితే మాత్రం ఈ రక్షణ తగ్గుతూ వస్తుంది. రోజూ అవసరమవుతోందంటే ఉబ్బసం అదుపులో లేనట్టే, పీల్చే స్టెరాయిడ్ గురించి డాక్టరును అడగండి.

వార్మప్‌కు ఖర్చు లేదు. 10–15 నిమిషాల నడక, మధ్యమధ్య 30 సెకన్ల జోరు పరుగు. కొందరిలో ఆ తర్వాత గంట, రెండు గంటలు నాళాలు అంతగా బిగుసుకోవు. అందరికీ అలా జరగదు. అందుకే ఒకసారైనా గట్టిగా ఆయాసపడ్డవాళ్లు ఒక్క వార్మప్‌నే నమ్ముకోవద్దు. చలిలో రెండూ చేయండి, ముక్కూ నోరూ కప్పేలా తువ్వాలు కట్టుకోండి, ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి. తీరానికి దగ్గరున్న బరంపురం వైపు తేమగాలి నాళాలను అంతగా ఆర్చదు.