సోలారా, గీజరా, గ్యాసా? బెంగళూరు ఇంట్లో వేడి నీళ్లకు ఏది మేలు

బెంగళూరులో ఇంటిని వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 15 డిగ్రీల దగ్గరికి దిగినా ఒక మంచి దుప్పటితో గడిచిపోతుంది. స్నానానికి వేడి నీళ్లు మాత్రం ఏడాది పొడుగునా కావాల్సిందే. 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, జూలైలో ముసురు పట్టినప్పుడు కూడా ట్యాంకు నీళ్లు ఒంటి మీద పోసుకోలేం. అనంతపురం, కడప నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఏడాదే తెలిసిపోతుంది, సొంత ఊళ్లో చలికాలం మాత్రమే వాడే గీజరుకు ఇక్కడ సెలవు ఉండదని. అందుకే కొన్న ధర కంటే, ఏటా దాన్ని ఎంత చూసుకోవాల్సి వస్తుందన్నదే అసలు లెక్క.

ఆ లెక్క మీ నీళ్లతో మొదలవుతుంది. జయనగర్, మల్లేశ్వరం లాంటి పాత పేటల్లో కావేరి నీళ్లు వస్తాయి, అవి మెత్తనివి, అంటే పెద్దగా సున్నం పట్టించవు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు, అంటే మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల, చాలా ఇళ్లకు బోరు, లేకపోతే ట్యాంకరు. కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలయ్యాక కొంత మేలైంది గానీ, కనెక్షన్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా బోరు నీళ్లు కలపడం మామూలే. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని భారతీయ ప్రమాణం. మీ నీళ్లు ఎంతో ఒకసారి పరీక్ష చేయించండి. చాలామంది టీడీఎస్ మీటరు ముంచి చూసి ఊరుకుంటారు. అది కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, హీటరును పాడుచేసే కాల్షియం, మెగ్నీషియం ఎంతో విడిగా చెప్పదు. కాఠిన్యం కిట్ వేరే దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు.

కరెంటు గీజరుతో మొదలుపెడదాం, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు సాధారణంగా చేతిలో ఉండేది అదే. 15 లీటర్ల నీళ్లను 22 డిగ్రీల నుంచి 55కి తేవడానికి 0.6 యూనిట్ కంటే కొంచెం తక్కువే పడుతుంది. 2 కిలోవాట్ల గీజరుకు 17, 18 నిమిషాల పని. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ అనుకుంటే రోజుకు సుమారు 2 యూనిట్లు, నెలకు 60. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఉన్నవాళ్లకు ఈ 60 యూనిట్లు పెద్ద సంగతే. మీకు కేటాయించిన యూనిట్లు దాటితే పైవాటికి కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాలి.

గీజరు నిర్వహణలో అందరికీ తెలిసింది ఎలిమెంట్, అంటే నీళ్లను కాచే కడ్డీ ఒక్కటే. బోరు నీళ్లతో ఏడాది నడిచిన గీజరును ప్లంబరు విప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి. కింది మూత తీయగానే తెల్లటి పెంకులు రాలతాయి, ఎలిమెంట్ మీద సున్నం వేలు మందాన పేరుకుని ఉంటుంది. నీళ్లు కాగేటప్పుడు లోపల గరగరమని చప్పుడు వచ్చేది ఆ పెంకుల వల్లే. ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే చాలావరకు వదులుతుంది. దాని పక్కనే ఇంకో కడ్డీ ఉంటుంది, మెగ్నీషియం రాడ్. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని పని. సన్నటి తీగలా మిగిలిందంటే ఆ తర్వాత తినేసేది ట్యాంకునే. ఎలిమెంట్ శుభ్రం చేసి మూత బిగించేసే ప్లంబరును ఆపి, "అన్నా, మెగ్నీషియం రాడ్ కూడా ఒకసారి చూపించు" అని అడగండి. మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త గీజరు ధరలో చాలా చిన్న భాగం. థర్మోస్టాట్‌ను 50, 55 దగ్గర పెడితే సున్నం పట్టడం కూడా నెమ్మదిస్తుంది.

సొంత ఇల్లు, పైన డాబా మీద చోటు ఉంటే సోలారే మేలని నా గట్టి అభిప్రాయం. కొంత సైజు దాటిన కొత్త ఇంటికి కరెంటు కనెక్షన్ కావాలంటే సోలార్ వాటర్ హీటరు ఉండాలని ఇక్కడ ఎప్పటినుంచో నిబంధన ఉంది. ఈ ఊరి డాబాల మీద అన్ని ట్యాంకులు కనిపించేది అందుకే. అయితే అందులో రెండు రకాలు, తేడా తెలియకుండా కొంటే బాధపడతారు.

రాగి గొట్టాలున్న ఫ్లాట్ ప్లేట్ రకం గట్టిది. కోతులు ఎక్కినా, కొబ్బరి మట్ట పడినా అంత తేలిగ్గా పాడవదు. కావేరి నీళ్లకు ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ ఆ గొట్టాలు సన్నవి. బోరు నీళ్లు పోస్తే సున్నం పట్టి మూసుకుపోతాయి. ప్యానెల్ ఎండలో కాలుతున్నా నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వస్తాయి. గాజు ట్యూబుల రకం గట్టి నీళ్లను బాగా తట్టుకుంటుంది. మడ్డి ట్యూబుల అడుగుకు చేరుతుంది, వాటిని తీసి కడిగి మళ్లీ పెట్టొచ్చు. దీనికున్న బాధ వేరే. ఒక్క ట్యూబు పగిలినా ట్యాంకంతా ఖాళీ అవుతుంది.

ట్యూబులు ఎక్కువగా పగిలేది ఎండాకాలంలో, అదీ మన చేతులారా. మార్చిలో ట్యాంకరు ఆలస్యమై పైన నీళ్లు అయిపోతాయి. ఖాళీ ట్యూబులు మధ్యాహ్నం ఎండకు కాలిపోతుంటాయి. సరిగ్గా అప్పుడే ట్యాంకరు వస్తుంది, మోటారు వేస్తాం, చన్నీళ్లు తగలగానే గాజు పటపటమంటుంది. అలాంటి రోజు సోలార్‌కు వెళ్లే వాల్వ్ కట్టేసి, పొద్దుపోయి ట్యూబులు చల్లారాక గానీ, మర్నాడు తెల్లవారుజామున గానీ తెరవాలి. వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి ఉంచండి.

ముసురు రోజుల్లో సోలార్ చేతులెత్తేస్తుంది, అది నిజమే. అందుకని ట్యాంకులోనే బ్యాకప్ ఎలిమెంట్ పెట్టించుకుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. 200 లీటర్ల ట్యాంకును 22 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 9 యూనిట్లు. రెండు బకెట్ల కోసం అంత కాల్చడం దండగ. దాని బదులు బాత్రూంలో చిన్న గీజరు పెట్టి, సోలార్ నీళ్లు దాంట్లోంచి వచ్చేలా కలిపితే, తగ్గిన నాలుగు డిగ్రీలే గీజరు పెంచుతుంది. సోలార్ నుంచి వచ్చే వేడి నీళ్లను తట్టుకునే గీజరో కాదో కొనేముందు అడగాలి. పైప్ పొడుగు కూడా చూసుకోండి. మూడంతస్తులు దిగి రావాలంటే మొదటి బకెట్ చన్నీళ్లే, ట్యాంకరు నీళ్లు కొనే ఇంట్లో అది గిన్నెలకో మొక్కలకో పట్టుకోవాలి.

గ్యాస్ గీజరు చవకే. కరెంటు పోయినా వేడి నీళ్లు వస్తాయి, వరసగా ఎంతమందైనా స్నానం చేయొచ్చు. కానీ బాత్రూం లోపల పెట్టాలంటే ఎంత చవకైనా వద్దంటాను. మూసిన చిన్న గదిలో గ్యాస్ మండితే ప్రాణవాయువు తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ ఊళ్లో అలా స్నానానికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. "వాసన రావట్లేదు కదా, లీకేజీ లేదు" అని ధైర్యపడకండి. వంటగ్యాస్‌కు వాసన కావాలని కలుపుతారు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. గీజరు బాత్రూం బయట, గాలి ఆడే యుటిలిటీ బాల్కనీలోనే ఉండాలి. మంట నీలంగా ఉండాలి, పసుపు రంగుకు తిరిగిందంటే ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. రబ్బరు ట్యూబు మీద ముద్రించిన తేదీ దాటితే మార్చాలి. పై అంతస్తులో నీటి ఒత్తిడి చాలక అసలు వెలగకపోవడం కూడా ఉంది, కొనేముందు అదీ చూసుకోండి.

చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లను కాచే హీట్ పంప్ హాస్టళ్లకు, పెద్ద కుటుంబాలకు బాగుంటుంది. ఇక్కడి వాతావరణంలో అదే నీళ్లను గీజరుకు పట్టే కరెంటులో మూడో వంతుతో కాచగలదు. ఇద్దరుండే ఫ్లాట్‌కు ఆ పెట్టుబడి తిరిగి రావడం కష్టం.

సర్వీసు మాత్రం నవంబరు చివర్లో పెట్టుకోండి. అప్పటికి వానలు తగ్గుతాయి, ట్యూబుల మీద పట్టిన బురద ఒక్కసారి కడిగితే చాలు, డిసెంబరు చలికి ముందే పని అయిపోతుంది. అద్దెకున్నవాళ్లు ఇంట్లో దిగేటప్పుడే గీజరు ఎన్నేళ్లదో, రాడ్ ఎప్పుడు మార్చారో ఓనరును అడిగి, సర్వీసు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి.