డైనమో రీబిల్డా, ఆల్టర్నేటరా? ముందు సెల్ఫ్ ఎన్ని సెకన్లు తిరుగుతోందో చూడండి

మా నాన్న 1970ల్లో కొన్న మ్యాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ ఇంకా మా దగ్గరే ఉంది. కంకిపాడు అవతల పొలంలో దానికిప్పుడు ఏడాదికి నెల రోజుల పని కూడా ఉండదు. పోయిన వేసవిలో దాని సెల్ఫ్ (ఇంజన్ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు), డైనమో (బ్యాటరీకి చార్జింగ్ పెట్టేది) రెండూ విప్పించి విజయవాడ ఆటోనగర్‌లో బాగు చేయించాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి, పాత బండి ఉన్న ప్రతివాళ్లూ ఇదే అడుగుతున్నారు: "ఈ రోజుల్లో ఇంకా ఆ డైనమో ఏంటండీ, ఆల్టర్నేటర్ పడేస్తే పోలా?"

ఆల్టర్నేటర్ కూడా చార్జింగ్ పెట్టేదే, కొత్త రకం. అది మంచిదే, అందులో వాదన లేదు. పాత లూకాస్ సీ40 రకం డైనమో గట్టిగా తిరిగినా 22 ఆంపియర్లే ఇస్తుంది. ట్రాక్టర్లకు వేసే మామూలు ఆల్టర్నేటర్ 36 దాకా ఇస్తుంది. పైగా ఇంజన్ ఐడిల్‌లో ఉన్నా చార్జింగ్ ఎక్కుతుంది. డైనమోకి ఆ తెలివి లేదు, రేసు పెంచితేగానీ కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే స్విచ్చు) కలవదు. డైనమోలో పుట్టిన కరెంటంతా కమ్యుటేటర్ (షాఫ్టు మీద తిరిగే రాగి పట్టీల చుట్టు) మీద రాసుకునే కార్బన్ బ్రష్షుల గుండానే బయటికి రావాలి. ఆల్టర్నేటర్‌లో బ్రష్షుల గుండా వెళ్లేది ఫీల్డుకి (అయస్కాంతాన్ని పుట్టించే చుట్టకి) కావాల్సిన మూడు, నాలుగు ఆంపియర్లే. అందుకే అవి అంత త్వరగా అరగవు.

ఇంత తెలిసీ నేను డైనమోనే ఎందుకు ఉంచుకున్నానంటే, మా బండి బ్యాటరీని దింపేస్తున్నది డైనమో కాదు, సెల్ఫ్.

ఒక్కసారి లెక్క వేయండి. బాగున్న సెల్ఫ్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్ని తిప్పడానికి సుమారు 300 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. వినడానికి పెద్ద అంకే గానీ అది నాలుగు సెకన్లే. అంటే బ్యాటరీలోంచి పోయింది ఆంపియర్-అవర్‌లో (ఒక ఆంపియర్ గంటసేపు వాడితే పోయేంత) మూడో వంతు. డైనమో పది ఆంపియర్లు పెట్టినా రెండు, మూడు నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది. అదే బుష్షులు (షాఫ్టు తిరిగే గొట్టాలు) అరిగిన సెల్ఫ్ అయితే 450 లాగుతూ, మధ్యమధ్యలో ఆగుతూ ఇరవై సెకన్లు తిరుగుతుంది. ఇప్పుడు పోయింది రెండున్నర ఆంపియర్-అవర్లు. దాన్ని పూడ్చడానికి అదే డైనమోకి పావుగంటకు పైనే పడుతుంది. మనమేమో ఈ చేను నుంచి ఆ చేనుకి పది నిమిషాలు తోలి ఆపేస్తాం. అలా జరుగుతూ పోతే బ్యాటరీ డౌన్. తిట్లు మాత్రం డైనమోకి.

మన దగ్గర ఇంకో సౌకర్యం కూడా ఉంది. విజయవాడలో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి పోవడం అరుదు. పంపు, నాజిళ్లు సరిగ్గా ఉన్న డీజిల్ ఇంజన్ ఇక్కడ కొన్ని సెకన్లలోనే అందుకోవాలి. అందుకోలేదంటే చార్జింగ్ గురించి ఆలోచించే ముందు సెల్ఫ్ వంక చూడాలి. సెల్ఫ్ కంటే ముందు ఎర్త్ పట్టీ (బ్యాటరీని బాడీకి కలిపేది), బ్యాటరీ లగ్గులు చూడాలి. మా బండికి ఎర్త్ పట్టీ కింద పెయింటు, దాని మీద బురద, దాని మీద మళ్లీ పెయింటు. గీకితే సగం జబ్బు అక్కడే పోయింది.

మిగతా సగం సెల్ఫ్ విప్పాక తెలిసింది. చివరి బుష్ కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసి, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) దాని చుట్టూ ఉన్న పోల్ షూలకు (అయస్కాంతపు ఇనుప దిమ్మెలకు) రాసుకుంటోంది. మెరుస్తున్న గీతలు కంటికే కనిపిస్తున్నాయి. బుష్షులు మార్చి, కొత్త బ్రష్షులు వేసి, కమ్యుటేటర్‌ని లేత్ మీద సన్నగా కోత పట్టించాం. వైండింగ్ జోలికి పోలేదు. ఇక్కడొక మాట: "మొత్తం రీవైండింగ్ చేయాలండీ" అనే షాపులో గ్రౌలర్ (ఆర్మేచర్‌ని పరీక్షించే విద్యుదయస్కాంతం) మీద పెట్టి చూపించమనండి. ఆర్మేచర్ మీద హాక్సా బ్లేడు పెట్టి తిప్పుతారు. లోపల షార్ట్ ఉంటే బ్లేడు ఆ చోట గడగడలాడుతుంది, లేకపోతే వైండింగ్‌లో షార్ట్ లేనట్టే. మా మేస్త్రీ అడక్కుండానే చూపించాడు, అందుకే రెండో పని కూడా ఆయనకే ఇచ్చాను.

డైనమో పని అంతకంటే తేలిక. ముందు బేరింగ్, వెనక బుష్, బ్రష్షులు, కమ్యుటేటర్ కోత. కోత పట్టాక రాగి పట్టీల మధ్య ఉన్న మైకాని సుమారు 0.8 మిల్లీమీటర్ల లోతుకి గీకాలి. ఈ ఒక్క పనినే చాలామంది ఎగ్గొడతారు. గీకకపోతే రాగి అరిగేకొద్దీ మైకా పైకి తేలి బ్రష్షుల్ని ఎగరేస్తుంది, నిప్పురవ్వలు మొదలవుతాయి, ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. బిగించే ముందు ఒక పరీక్ష: డీ (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డుది) టెర్మినళ్లు రెండూ కలిపి బ్యాటరీ ఇస్తే డైనమో మోటారులా తిరగాలి. తిరిగిందంటే ధైర్యంగా ఇంటికి తెచ్చుకోవచ్చు. బండికి బిగించాక ఎఫ్ వైరు విప్పేసి, బ్యాటరీ నుంచి ఒక వైరుతో ఎఫ్ టెర్మినల్‌ని క్షణంపాటు రెండుసార్లు తాకించాలి. పోల్ షూలలో అయస్కాంతం సరైన దిక్కుకి పడేది అప్పుడే. నేనది మర్చిపోయి, చార్జింగ్ లేదని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను.

ఆల్టర్నేటర్ బిగించడం బోల్టుల పని అనుకుంటారు, కానీ అసలు పని వైర్లలో ఉంది. డైనమో చార్జింగ్‌ని అదుపు చేసే పాత కంట్రోల్ బాక్సుని సర్క్యూట్ నుంచి పూర్తిగా తీసేయాలి. చార్జింగ్ వైరు లావుది వేయాలి. కొన్ని పాత మ్యాసీల్లో మీటరు కేబుల్ డైనమో వెనక నుంచే వస్తుంది, ఆల్టర్నేటర్ వేస్తే ఆ మీటరుకు సెలవు. అన్నిటికంటే ముఖ్యం, కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉంటుంది. మా బాబాయి బండి అలాంటిదే. ఆ సంగతి చూసుకోకుండా కొత్త ఆల్టర్నేటర్ కలిపితే, ఇంజన్ తిరగకముందే డయోడ్లు పోయాయి. దమ్ము చక్రాలు విరిగితే బండి మీదే వెల్డింగ్ పెట్టించే అలవాటు కూడా మనకుంది. ఆల్టర్నేటర్ ఉన్న బండికైతే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాల్సిందే. డైనమో ఉంటే అంత భయం లేదు.

లైట్ల సంగతి అంటారా? పాత 45 వాట్ల బల్బులు రెండు వెలిగితే ఏడున్నర ఆంపియర్లు పోయేవి. ఇప్పుడు 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండు వేస్తే మూడే. డైనమో మీద నేరాల్లో పెద్దది అలా కొట్టుకుపోయింది.

చెరకు తోలే బండి అయితే మాత్రం నా మాట వినకండి. రాత్రంతా లైనులో ఐడిల్ మీద, లైట్లు వేసుకుని, పది గజాలకోసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేసే బండికి డైనమో సరిపోదు. ట్రక్కు మీద పాటల పెట్టె, ఆంప్లిఫయర్ పెట్టుకునే కుర్రాళ్లకీ అంతే. వాళ్లు ఆల్టర్నేటర్ వేసుకోవాలి, కాకపోతే సెల్ఫ్ బాగు చేయించాకే.

పాత సామాన్ల కొట్లో దొరికే సెకండ్ హ్యాండ్ డైనమో కొనొచ్చా అంటే, మీ చేతిలో ఉన్నదానికంటే అది బాగుంటుందన్న నమ్మకం ఏమీ లేదు. పేరు లేని కొత్త డైనమోలు నేను వాడలేదు.

ఒహాయోలో ఉన్న మా మేనల్లుడి ప్రశ్న వేరు. ఆ మధ్య పాత కబ్ క్యాడెట్ ఒకటి కొన్నాడు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1960ల మొదట్లో తెచ్చిన గార్డెన్ ట్రాక్టర్ అది. దానికి సెల్ఫూ డైనమో వేరువేరుగా ఉండవు, బెల్టుతో తిరిగే ఒకటే యంత్రం స్టార్ట్ చేసి, తర్వాత చార్జింగ్ పెడుతుంది. యాక్టివా 6జీ సెల్ఫ్ కొడితే చప్పుడు రాకపోవడానికి కారణం కూడా ఒకే యంత్రం రెండు పనులూ చేసే అలాంటి ఏర్పాటే, కాకపోతే దానికి బెల్టు ఉండదు. కబ్ క్యాడెట్‌లో ఆ యంత్రాన్ని తీసేసి ఆల్టర్నేటర్ పెడితే స్టార్ట్ చేసే దిక్కు ఉండదు. రీబిల్డే చేయించుకోరా అని చెప్పాను. బెల్టు బిగువు మాత్రం మా బండి కంటే జాగ్రత్తగా చూసుకోవాలి, స్టార్టింగ్ బరువు కూడా దాని మీదే పడుతుంది కాబట్టి.

మా డైనమోకి వెనక బుష్ దగ్గర నూనె వేసే చిన్న రంధ్రం ఉంది. యాభై ఏళ్ల మట్టి కింద అదొకటుందని నాకే తెలియదు. ఇప్పుడు దుక్కికి ముందు ఇంజన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తున్నాను. మూడో చుక్క వేస్తే అది కమ్యుటేటర్ మీదికి పోతుందని మేస్త్రీ హెచ్చరిక.