మా వయసున్న సీసాల కోసం బోర్డో దాకా

హాస్టల్ గదులు ఖాళీ చేసి 2025కు పాతికేళ్లు నిండాయి. ఆ సంబరం ఎక్కడ చేసుకోవాలన్న చర్చ ఆరు నెలలు సాగింది. సముద్రతీరమని ఒకడు, కొండలని ఒకడు. చివరికి మాలో వైన్ పిచ్చి ఉన్న ఒకే ఒక్కడు తేల్చేశాడు. "ఒరేయ్, మనం బయటపడిన 2000లో ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుమోసిన బోర్డోలో ఎర్ర ద్రాక్ష అద్భుతంగా పండింది. ఆ సీసాలకూ ఇప్పుడు పాతికేళ్లే. పక్కపక్కన కూర్చుని చూద్దాం, ఎవరు బాగా ముదిరారో!"

అలా అక్టోబరులో నలుగురం పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్లో రైలెక్కాం. 2017లో కొత్త మార్గం వచ్చినప్పటి నుంచి బోర్డోకు రెండు గంటల పైచిలుకు ప్రయాణమే. నలుగురిలో ఒకడు మద్యం ముట్టడు, ఇంకొకడు మాంసం ముట్టడు. వీళ్లిద్దరితో విందు ఎలా సాగుతుందోనని మిగతా ఇద్దరం లోలోపల గొణుక్కున్నాం.

మొదటి రెండు రాత్రులు బోర్డో నగరంలోనే. స్టేషన్ దగ్గర చవకగా దొరికిందని ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సంగతి ప్రకటనలో ఉందట, మేమే చదవలేదు. వేడి నీళ్లు మాత్రం ఇద్దరి స్నానానికే సరిపోయేవి, అది ప్రకటనలో లేదు. మళ్లీ వెళితే నది ఒడ్డున, ట్రామ్ దారికి దగ్గరగా దిగుతాను. ట్రామ్ ఉంటే ఈ ఊళ్లో కారు అక్కరలేదు. నడిబొడ్డున పైన తీగలు కూడా కనిపించవు, కరెంటు కింద పట్టాల మధ్య నుంచే అందుతుంది.

గారోన్ నది ఒడ్డున 2016లో తెరిచిన 'సిటే ద్యు వేన్' అనే వైన్ ప్రదర్శనశాలకు మొదటి రోజే వెళ్లడం మంచిదైంది. గ్లాసులో తిప్పిన వైన్‌లా మెలితిరిగిన ఆ భవనం బయటి నుంచి నాకు అంతగా నచ్చలేదు. లోపల మాత్రం సగం రోజు తెలియకుండా గడిచిపోయింది. టికెట్‌తో పాటు ఎనిమిదో అంతస్తులో ఒక గ్లాసు వైన్ ఇస్తారు. నది వంపు చూస్తూ తాగవచ్చు. మద్యం ముట్టని వాడికి ద్రాక్షరసం ఇచ్చారు. ఎవరూ వింతగా చూడలేదు.

రెండో రోజు వ్యానులో బోర్డో పక్కనున్న మెడాక్ ప్రాంతపు ద్రాక్షతోటల యాత్ర. ఇదొక్కటే డబ్బు దండగ అనిపించింది. పొయాక్ ఊరి చుట్టూ లాఫిట్, లాటూర్, మూటన్ తోటలు రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి. పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం 1855లో వేసిన ఎర్ర వైన్ తోటల జాబితాలో మొదటి శ్రేణి తోటలు నాలుగే ఉండేవి. మూటన్ రెండో శ్రేణిలో మిగిలి, 1973లో గాని పై మెట్టు ఎక్కలేదు. ఇలాంటి కబుర్లు మా గైడు చక్కగానే చెప్పాడు. కానీ మేము వచ్చింది పాత వైన్ కోసం. ఆగిన మూడు చోట్లా పోసింది రెండు మూడేళ్ల లేత వైన్. నాలుక మీద పచ్చి వక్క నమిలినంత వగరు. యాత్రల్లో పోసే రుచులు ఎప్పుడూ అమ్మకానికి ఉన్న కొత్త సరుకేనని తర్వాత తెలిసింది. పాతది కావాలంటే దుకాణంలో కొనుక్కోవాలి, లేదా రెస్టారెంట్‌లో అడగాలి. లాటూర్ వాళ్లు పీపాల్లో ఉండగానే అమ్మే పద్ధతిని 2012లో వదిలేసి, తాగే వయసు వచ్చాకే బయటికి పంపుతున్నారని గైడు చెప్పగానే మా వైన్ పిచ్చివాడు చెయ్యెత్తి నమస్కరించాడు. ఆ ధర విన్నాక చెయ్యి దించేశాడు.

ఆ రాత్రి నగరంలో, పేరెందుకు గాని, తెల్లటి మేజాబట్టల రెస్టారెంట్ ఒకదానిలో ముందస్తు ప్రయోగం చేశాం. జాబితాలో ముప్పై ఏళ్లు దాటిన ఒక ఎర్ర వైన్ కనిపిస్తే ఆశపడ్డాం. వడ్డించే అతను సీసాను చంకలో పెట్టుకుని చకచకా వచ్చాడు. అంతసేపూ అడుగున నిద్రపోతున్న మడ్డి అంతా లేచింది. మామూలు మరతో లాగితే బిరడా సగానికి విరిగింది, మిగతా సగాన్ని లోపలికి తోసేశాడు. గ్లాసులోకి వచ్చింది మురికి కాలువ రంగు. పైగా తడిసిన అట్టపెట్టె వాసన. బిరడా చెడిపోవడం వల్ల వచ్చే వాసన అది. అలాంటప్పుడు సీసా వెనక్కి తీసుకోవడం మర్యాద. అతను మాత్రం "పాత వైన్ ఇలాగే ఉంటుంది" అని వాదించాడు. డబ్బు కట్టి బయటపడ్డాం. నాకు కోపం సీసా మీద కాదు. చెడిపోయిన సీసా ఎవరికైనా తగులుతుంది. దాన్ని మోసుకొచ్చిన తీరు మీద.

మర్నాడు ఒక వైన్ వ్యాపారి దగ్గర గంటన్నర కూర్చున్నాం. కొట్టు చిన్నది, కానీ పెద్దాయన సీసాలను దీపం ముందు పట్టి మెడలో వైన్ ఎంత ఎత్తున ఉందో చూపించాడు. మట్టం మెడ నుంచి భుజానికి దిగిందంటే గాలి లోపలికి చొరబడుతున్నట్టే. ఇన్నేళ్లూ ఎక్కడ నిలవ ఉంచారని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. పొయాక్‌లో పెద్ద పేరు లేని ఒక తోట 2000 నాటి వైన్ రెండు సీసాలు, దగ్గర్లోని సెయింట్ ఎమిలియాన్ ఊరిది ఒకటి తీసుకున్నాం. చివర్లో తీపి వైన్ సోటెర్న్ కూడా 2000దే అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడు ఎర్ర ద్రాక్ష కోత ముగిశాక వానలు పడ్డాయట. సోటెర్న్‌కు కావలసినది ద్రాక్షను ముడతలు పెట్టి తీపిని చిక్కబరిచే ఒక రకం బూజు. వానలో అది పాడవుతుంది. 2001 అయితే కళ్లకద్దుకోవచ్చన్నాడు. మా సంవత్సరం తీపికి పనికిరాదని తెలిసి కాసేపు చిన్నబుచ్చుకుని 2001దే కొన్నాం.

అసలు విందు సెయింట్ ఎమిలియాన్‌లో. బోర్డో నుంచి రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. కానీ స్టేషన్ నుంచి ఊరు కిలోమీటరున్నర పైనే, టాక్సీలు అరుదు. ఊళ్లో నిటారు రాళ్ల సందుల్లో చక్రాల పెట్టె లాగడం కంటే నెత్తిన పెట్టుకోవడం నయం. 1999లో యునెస్కో జాబితాలో చేరిన ఊరు, పగలంతా జాతర. సాయంత్రం ఆరు దాటితే పిల్లి తప్ప ఎవరూ కనిపించరు. ఇక్కడే ఒక ఇంటావిడ నడిపే నాలుగు గదుల బసలో దిగాం. గదులు చిన్నవి, మంచాలు కిర్రుమంటాయి. అయినా నగరంలోని అపార్ట్‌మెంట్ కంటే పదింతలు నయం. విందు నుంచి ఆరు నిమిషాల నడక కావడం ఒక్కటే చాలు. తాగి కారు నడపడం ఎలాగూ కూడదు.

రెస్టారెంట్‌కు వారం ముందే ఉత్తరం రాశాం. సొంత సీసా తెచ్చుకుంటే తీసుకునే రుసుమును ఫ్రెంచివాళ్లు 'బిరడా హక్కు' అంటారు. అన్ని చోట్లా ఒప్పుకోరు. వీళ్లు ఒప్పుకోవడమే కాదు, సీసాలు ఒక రోజు ముందే ఇచ్చి వెళ్లమన్నారు. వైన్ చూసుకునే ఆవిడ వాటిని నేలమాళిగలో నిటారుగా నిలబెట్టింది. మడ్డి అంతా అడుగుకు దిగడానికి ఆ ఒక్క రోజు చాలు.

రాత్రి ఆవిడ చేతిలో మర లేదు. రెండు సన్నటి రేకులున్న పరికరాన్ని బిరడాకు ఇరుపక్కలా దూర్చి, మెల్లగా తిప్పుతూ పైకి తీసింది. బిరడా చెక్కుచెదరలేదు. కొవ్వొత్తి వెలిగించి, సీసా మెడను ఆ వెలుగుకు పట్టి గాజు కూజాలోకి వంచింది. మెడ దగ్గర నల్లటి తీగలా మడ్డి కనబడగానే ఆపేసింది. అడుగున రెండు వేళ్ల మేర వదిలేసింది. ఖరీదైన వైన్ పారబోస్తోందని నా ప్రాణం ఉసూరుమంది.

మొదట సెయింట్ ఎమిలియాన్. అంచున రంగు ఇటుక ఎరుపుకు తిరిగింది. ఏళ్ల తరబడి వగరూ రంగూ ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగిపోతాయి, ఆ మడ్డి అదే. మిగిలింది మెత్తగా జారిపోయింది. గ్లాసులో ఏముందో మాకు మాటలు దొరకలేదు. మద్యం ముట్టని వాడు ముక్కు దగ్గర పెట్టుకుని "వాన వెలిసిన అడవి, తాతయ్య పొగాకు పెట్టె" అన్నాడు. ఆవిడ అతని వైపు చూసి చప్పట్లు కొట్టింది. ఆ రాత్రంతా ప్రతి గ్లాసూ ముందు అతని ముక్కు దగ్గరికే వెళ్లింది. మాంసం తినని వాడికి వెల్లుల్లి, పార్స్లీలతో వేయించిన సెప్ పుట్టగొడుగులు వచ్చాయి. అక్టోబరు వాటి కాలం. మా పళ్లెంలోని పొయాక్ గొర్రెపిల్ల మాంసం కంటే ఆ పుట్టగొడుగులే ఈ వైన్‌కు జతగా కుదిరాయి. అతని పళ్లెం మూడు చేతులు ఖాళీ చేశాయి.

తర్వాత పొయాక్ సీసాలు రెండూ. ఒకే తోట, ఒకే ఏడు, ఒకే పెట్టెలోంచి వచ్చినవి. మొదటిది ఇంకా నిటారుగా నిలబడి మాట్లాడుతోంది. రెండోది నీరసించి, పులుపు తేలి, ఎండుటాకు వాసనతో వచ్చింది. తప్పు ఎవరిదని అడిగితే, బిరడాలు ఒక్కలా ఉండవు, గాలి ఒక్కో దానిలోంచి ఒక్కోలా చొరబడుతుంది అంది ఆవిడ. పారేయమంటారా అని అడిగింది. ఉంచమన్నాం. రోక్‌ఫోర్ట్ జున్నుతో 2001 సోటెర్న్ వచ్చేసరికి ఎవరికీ నోట మాట లేదు. తేనె, నారింజ తొక్క, కుంకుమపువ్వు.

బిల్లు వచ్చాక పిచ్చివాడికి తన పందెం గుర్తొచ్చింది. "సరే, మనలో మొదటి సీసా ఎవరు, రెండో సీసా ఎవరు?" ఒక్క చెయ్యీ లేవలేదు. నీరసించిన రెండో సీసాను మాత్రం నలుగురం ముద్దుగా వెనకేసుకొచ్చాం, తాగని వాడితో సహా.