నత్తల మందు గుళికలు: పని చేస్తాయి, వాన పడకపోతే

మా పెరట్లో బొప్పాయి మొక్కల కాండం తొక్కంతా రాత్రికి రాత్రే గీకేసినట్టు పోతుంటే, టార్చి వేసి చూస్తే అరచెయ్యంత ఆఫ్రికా రాక్షస నత్తలు. ఎరువుల షాపులో 2.5 శాతం మెటాల్డిహైడ్ గుళికలు తెచ్చి, సాయంత్రం నేల తడిపి గోడ వారన చల్లాను. పొద్దునకి పదిహేడు నత్తలు ఒంట్లో జిగురంతా కక్కేసి, గుల్లలోంచి సగం బయటికి వేలాడుతున్నాయి. ఈ మందు పని చేసే తీరే అది, తేమ పోయి ఎండిపోతాయి. కానీ మూడో రోజు వాన పడితే మిగిలిన గుళికలు పిండిముద్దలయ్యాయి, డబ్బు దండగ.

ప్యాకెట్ మీద బొమ్మ మాత్రం చెరువు నత్తది! దాని గుల్లకి మూత ఉంటుంది, ఈ నేల నత్తకి ఉండదు. పేరు కూడా పాతదే, అకాటినా ఫులికా అని వేశారు, ఇప్పుడు దీన్ని లిస్సాకాటినా అంటున్నారు, కుటుంబం అకాటినిడేనే. 1847లో బెన్సన్ అనే ఆయన కలకత్తాకి తెచ్చి వదిలిన పుణ్యం ఇదంతా.

ఇంకోటి, ప్రతి నత్తలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి, ఒక్కో విడతకి వందకి పైనే గుడ్లు పెడుతుంది. మట్టిలో ఉన్న గుడ్లని గుళికలు ఏం చేయలేవు. కుండీ కింద తవ్వితే సగ్గుబియ్యం కంటే కాస్త పెద్దవి, లేత పసుపువి గుప్పెడు దొరికాయి. గ్లవుజులు వేసుకోండి, ఈ నత్తల్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఉండొచ్చు. ఇంట్లో కుక్క ఉంటే ఈ గుళికలు అసలు కొనొద్దు, దానికీ విషమే. ఈ మందుకి నా మార్కులు అయిదుకి మూడు.