మేటాగ్ మోడల్ ఇ: బాగుచేసి, ఏళ్ళ తరబడి ఉతికిన తర్వాత

అమెరికాలో అయోవా రాష్ట్రపు న్యూటన్ పట్టణంలో తయారైన మేటాగ్ మోడల్ ఇ రింగర్ మెషిన్‌లో (ఉతికిన బట్టలను రెండు రోలర్ల మధ్య నొక్కి పిండే రకం) మా ఇంటి దుప్పట్లు, తువ్వాళ్ళు, పంచెలు ఉతకడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతంలో స్థిరపడిన నాకు పాత వాషింగ్ మెషిన్లు సేకరించి బాగుచేసుకోవడం ఇష్టమైన వ్యాపకం. గరాజులో మరికొన్ని ఉన్నాయి గానీ, ప్రతి వారం నేను స్విచ్ వేసేది దీనికే. పాత మెషిన్ ఒకటి కొనాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నవారికి ఈ మోడల్‌తోనే మొదలుపెట్టమని చెబుతాను. అయితే దీన్ని బాగుచేయడంలో ఎంత శ్రమ ఉందో, వాడటంలో ఎంత ప్రమాదముందో తెలిసే కొనాలి.

మేటాగ్ పుట్టుకకూ బట్టలకూ సంబంధం లేదు. 1893లో ఫ్రెడరిక్ మేటాగ్, ఆయన భాగస్వాములు కలిసి మొదలుపెట్టింది నూర్పిడి యంత్రాలకు పనలు అందించే పరికరాల తయారీ. ఆ సరుకుకు గిరాకీ కోతల కాలంలోనే ఉంటుంది కనుక, మిగతా నెలల్లో ఫ్యాక్టరీకి పని కల్పించడానికి 1907లో చెక్క తొట్టితో, చేత్తో తిప్పే ఉతుకు యంత్రాన్ని తెచ్చారు. 1930ల మధ్య వరకు అమెరికాలో పొలాల మీద ఉండే ఇళ్ళలో పదింటికి తొమ్మిదింట కరెంటు లేదు. అలాంటి ఇళ్ళకోసం తొట్టి కింద చిన్న పెట్రోలు ఇంజను బిగించి, కాలితో తన్ని స్టార్ట్ చేసే మెషిన్లనూ ఈ కంపెనీ అమ్మింది. అన్నిటికంటే పెద్ద మార్పు 1922లో వచ్చింది. అంతవరకు చాలా మెషిన్లలో బట్టలను కదిలించే భాగం మూతకు వేలాడుతూ బట్టలనే ఈడ్చేది. మేటాగ్ ఇంజనీర్లు దాన్ని తొట్టి అడుగుకు దించి, రెక్కలతో నీటిని బట్టల గుండా తోసేటట్టు చేశారు. నేటి టాప్‌లోడ్ మెషిన్లలో కనిపించే అజిటేటర్‌కు పునాది అదే. బెండిక్స్ కంపెనీ 1937లోనే ఆటోమేటిక్ మెషిన్ తెచ్చినా, మేటాగ్ రింగర్ మెషిన్ల తయారీ 1983 నవంబరు దాకా ఆగలేదు.

సేకరించేవారికి ఈ చివరి తేదీ చాలా ముఖ్యమైనది. దశాబ్దాలపాటు పెద్దగా మారకుండా తయారైన మెషిన్ కనుక ఒకదాని భాగాలు మరొకదానికి సరిపోతాయి. పైగా ఈ ప్రాంతంలోని అమిష్ (ఆధునిక పరికరాలకు చాలావరకు దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖ) కుటుంబాలలో చాలామంది ఇప్పటికీ రింగర్ మెషిన్లనే వాడుతున్నారు; అందువల్ల రోలర్లు, బెల్టులు, సీళ్ళు కొత్తవి కూడా దొరుకుతాయి. ఎంత అందమైన పాత మెషిన్ అయినా, రబ్బరు భాగాలు దొరకకపోతే అలంకారానికే మిగులుతుంది. నేను ఈ మోడల్‌ను ముందుకు తోయడానికి మొదటి కారణం ఇదే.

మోడల్ ఇ తొట్టి అల్యూమినియంది, మూలలు గుండ్రంగా మలచిన చదరపు ఆకారంలో ఉంటుంది. గుండ్రటి పింగాణీ పూత తొట్టి ఉన్న మోడల్ ఎన్ కూడా నా దగ్గర ఉంది; ఉతుకులో రెండిటికీ తేడా ఉంది. చదరపు తొట్టిలో నీళ్ళు మూలలకు కొట్టుకుని వెనక్కి తిరుగుతాయి కనుక బట్టలు ఒకే వలయంలో తిరగకుండా పైకీ కిందికీ దొర్లుతాయి. మూత తీసి ఒక్క నిమిషం చూస్తే చాలు: అడుగుకు మునిగిన తువ్వాలు అంచు కాసేపటికి అజిటేటర్ పక్కన పైకి తేలి, మూల వైపు జరిగి, మళ్ళీ మునుగుతుంది. కింద మోటారు ఒకే దిక్కుకు తిరుగుతుంటే, ఆ తిరుగుడును అజిటేటర్‌కు కావలసిన అటూ ఇటూ ఊగే కదలికగా గేర్‌బాక్సు మారుస్తుంది. అదే గేర్‌బాక్సు నుంచి ఒక నిలువు కడ్డీ స్తంభం లోపలి నుంచి పైకి వెళ్ళి, బట్టలు పిండే రింగర్‌ను తిప్పుతుంది. ఇందులో సర్క్యూట్ బోర్డు, టైమరు, నీళ్ళ వాల్వు వంటివేవీ లేవు. ప్రతి భాగాన్నీ మామూలు పానాలతో విప్పి కళ్ళతో చూడవచ్చు.

కొనేటప్పుడు పెయింటును బట్టి ధర కట్టకండి. తుప్పు రంగు మచ్చలు, సొట్టలు ఉతుకుకు అడ్డం కావు. చూడవలసినవి మూడు: అజిటేటర్ చేతికి పైకి వస్తుందా, గేర్‌బాక్సు నూనె ఏ రంగులో ఉంది, తొట్టి అడుగున గుంటలు పడ్డాయా. నూనె పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే, నడిమి సీలు దాటి నీళ్ళు లోపలికి దిగాయని అర్థం. ఆ నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయన్నదాన్నిబట్టి లోపలి గేర్ల గతి ఉంటుంది. నల్లగా, చిక్కగా ఉన్న నూనె చూసి భయపడనక్కరలేదు, అది వయసు మాత్రమే. తొట్టి అడుగున సూదిమొన అంత గుంటలు వరుసగా ఉంటే మటుకు ఆ మెషిన్‌ను భాగాలకోసం తప్ప కొనవద్దు.

బాగుచేయడంలో ఓపికను ఎక్కువగా పరీక్షించేది అజిటేటర్. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న మెషిన్‌లో సబ్బు మడ్డి, తుప్పు కలిసి దాన్ని ఇరుసుకు అతికించేస్తాయి. చాలామంది తొట్టి అంచు మీద గడ్డపార ఆనించి పైకి మీటుతారు. అల్యూమినియం మెత్తని లోహం. అంచు వంగితే మళ్ళీ ఆ తీరు రాదు. నేను చేసే పద్ధతి నిదానమైనది. ఇరుసు చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు తొట్టి నిండా మరిగే నీళ్ళు పోసి, వేడికి లోహం వ్యాకోచించాక రెండు వైపులా సమానంగా పట్టీలు వేసి నిలువుగా లాగుతాను. రాకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ వేడినీళ్ళు. ఒకసారి వచ్చాక ఇరుసును శుభ్రంగా తుడిచి, నీటికి కరగని గ్రీజు పలచగా రాసి, ప్రతి ఉతుకు తర్వాత అజిటేటర్‌ను తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకుంటే ఆ బాధ మళ్ళీ రాదు.

గేర్‌బాక్సు విప్పడం చూడటానికి పెద్ద పనిగా అనిపిస్తుంది గానీ, శుభ్రమైన బల్ల, విప్పిన ప్రతి దశలో తీసుకున్న ఫోటో ఉంటే ఒక సెలవురోజు పని. పాత నూనె ఒంపి, కిరోసిన్‌తో కడిగి, సీళ్ళు మార్చి, కొత్త నూనె పోస్తే చాలు. గేర్లు అరిగిపోయినవి నాకు అరుదుగానే కనిపించాయి. రోలర్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. పాత రబ్బరు గోరు దిగనంత గట్టిపడి ఉంటే అది బట్టను పిండదు, జారవిడుస్తుంది. చవకగా దొరికిన రోలర్లు ఒక దుకాణం నుంచి తెప్పిస్తే మొదటి వేసవికే పైపొర జిగురుగా మారింది; తర్వాత ఎక్కువ ధర పెట్టి వేయించినవి ఇప్పటికీ మెత్తగా ఉన్నాయి. ఇక కరెంటు వైరు ఎంత బాగున్నట్టు కనిపించినా మార్చవలసిందే. పాత మెషిన్లకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది, ఎర్త్ లేదు. తడి నేల మీద నిలబడి, తడి చేతులతో లోహపు తొట్టిని ముట్టుకునే పని ఇది. మూడు పిన్నుల వైరు వేసి, మోటారు తొడుగుకూ చట్రానికీ ఎర్త్ కలిపి, లీకేజీ వస్తే వెంటనే కరెంటు తెంచే రక్షణ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి.

పెయింటు గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కొలరాడోలోని ఈటన్ దగ్గర లీ మ్యాక్స్‌వెల్ అనే విశ్రాంత ఇంజనీరింగ్ ఆచార్యుడు వెయ్యికి పైగా పాత మెషిన్లు సేకరించి కొత్తవాటిలా తీర్చిదిద్దారు. ఆ పని పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ రోజువారీ వాడుకకు పెట్టుకునే మెషిన్‌కు మాత్రం పాత పెయింటును కడిగి, తుప్పు ఉన్నచోట్ల సరిచేసి వదిలేయడమే మేలని నా నమ్మకం. ఎవరో ఒక ఇల్లాలి చేయి ఆని ఆని రంగు పోయిన చోటు మీద కొత్త రంగు వేయడానికి నాకు మనసొప్పదు.

ఇక ఉతుకు. దాదాపు నాలుగు పెద్ద బకెట్ల వేడినీళ్ళు, కొద్దిగా సబ్బుపొడి. ముందు తెల్ల పంచెలు, దిండు గలీబులు. అవి తీశాక అదే నీళ్ళలో రంగు బట్టలు. చివర తోటపని బట్టలు. మన ఇళ్ళలో సెమీ ఆటోమేటిక్ వాడినవారికి ఈ క్రమం కొత్త కాదు. ఒక్కో వాయికి ఎనిమిది, పది నిమిషాలు చాలు. గంటకు పైగా తీసుకునే మా కొత్త ఫ్రంట్‌లోడ్‌లో పోని మెడపట్టీ మురికి ఇందులో పోతుంది. పసుపు మరక మాత్రం దీనికీ లొంగదు, ఎండకే లొంగుతుంది. వాయి అయ్యాక రింగర్ గుండా మొదటి జాడింపు తొట్టిలోకి, రింగర్ తలను తిప్పి అక్కడి నుంచి రెండో తొట్టిలోకి, అక్కడి నుంచి బుట్టలోకి. తెల్లబట్టలకు రెండో తొట్టిలో నీలిమందు వేస్తాను. తొట్టి అల్యూమినియం కనుక వాషింగ్ సోడా, కాస్టిక్ ఉన్న సబ్బులు వాడకూడదు. క్షారం లోహాన్ని నల్లబరచి తినేస్తుంది.

ఈ మెషిన్ విలువ నాకు పూర్తిగా తెలిసింది గంజి పెట్టేటప్పుడు. చేత్తో పిండితే గంజి ఒకచోట గడ్డగా, ఒకచోట పలచగా పడి ఇస్త్రీ చేసేటప్పుడు మచ్చలు తేలుతాయి. వడగట్టిన పలచని గంజిలో పంచెను ముంచి, రోలర్ల ఒత్తిడి కొద్దిగా సడలించి, నాలుగు మడతలు వేసి పంపితే అంచు నుంచి అంచు దాకా ఒకే పాళంగా పడుతుంది. రోలర్ల ముందు చిక్కటి తెల్లని నీళ్ళు సన్నని గీతలా నిలిచి, పళ్ళెంలోకి జారి, తిరిగి తొట్టిలోకే పోతాయి. చుక్క వృథా కాదు. ఊరినుంచి వచ్చిన మా అత్తగారు ఆ పంచెను ఆరాక చేతిలోకి తీసుకుని, "చాకలి పెట్టినట్టే ఉంది నాయనా" అన్నారు. పని కాగానే రోలర్లను వేడినీళ్ళతో కడగాలి, లేకపోతే గంజి ఎండి రెండూ అంటుకుపోతాయి.

రింగర్‌తో ప్రమాదం గురించి తేలిగ్గా మాట్లాడేవారి మాట వినకండి. రోలర్లలో చెయ్యి పడి చర్మం, కండరాలు నలిగిపోయే గాయాలు ఎంత ఎక్కువగా ఉండేవంటే, 1938లో అమెరికా వైద్య పత్రికల్లో దానికి "రింగర్ ఆర్మ్" అనే పేరే వచ్చింది. గాయపడినవారిలో ఎక్కువమంది పిల్లలు. మేటాగ్ రింగర్ తలపై ఒత్తిడిని ఒక్కసారిగా విడిపించే కడ్డీ ఉంటుంది. ప్రతి ఉతుకుకు ముందు దాన్ని పరీక్షించకుండా నేను మోటారు స్విచ్ వేయను. ఉంగరాలు, గాజులు, వేలాడే చున్నీ, పొడవు చేతులు పనికిరావు. బట్టను అరచేతితో తొయ్యకుండా మడత అంచును మాత్రం అందించి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పిల్లలున్న ఇంట్లో, పని కానప్పుడు ప్లగ్గు తీసి ఉండాలి. బొత్తాలను లోపలికి మడిచి పంపాలి. రవికల హుక్కులు రబ్బరును కోస్తాయి కనుక వాటిని చేత్తోనే పిండుతాను. జరీ ఉన్న చీర దీని దగ్గరకు రాకూడదు.

లోపాలు చెప్పాలంటే, మొదటిది మనిషి కదలడానికి వీల్లేకపోవడం. బట్టలు వేసి వేరే పని చూసుకుంటానంటే కుదరదు, పూర్తయ్యేదాకా పక్కనే నిలబడాలి. స్పిన్ మెషిన్ పిండినంతగా రోలర్లు నీరు తీయలేవు. అయోవా చలికాలంలో లోపల దండెం మీద ఆరవేసిన దుప్పటి మర్నాటికి గానీ ఆరదు. స్థలం కూడా ఎక్కువే కావాలి, రెండు జాడింపు తొట్లతో కలిపి సగం గరాజు పోతుంది. చలికాలంలో గొట్టంలో నీళ్ళు మిగలకుండా వంచి తీయాలి, వాడనప్పుడు రోలర్ల ఒత్తిడి వదిలేయాలి. ఇవన్నీ లెక్కవేసుకున్నాక కూడా వారం బట్టలన్నీ ఒక పూటలో ముగిసి, దండెం నిండటం నాకు కొత్త మెషిన్‌తో ఎన్నడూ సాధ్యపడలేదు.

ఇలాంటి మెషిన్‌ను అక్కడికి తెప్పించుకుంటే నడుస్తుందా అని హైదరాబాదు, విజయవాడ నుంచి అడిగేవారున్నారు. నడుస్తుంది, కానీ ఉన్న మోటారుతో కాదు. ఇక్కడి మోటారు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినది. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ దించినా హెర్ట్జ్ మారదు, మోటారు నెమ్మదించి వేడెక్కుతుంది. అక్కడే దొరికే 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటారు, పెద్ద వెట్ గ్రైండర్లకు వాడే రకం, బిగించడం సులువు. అసలు మోటారు వేగం 1725 కనుక, మోటారు పుల్లీని అయిదో వంతు పెద్దది వేస్తే అజిటేటర్ వేగం సరిపోతుంది. తిరిగే దిక్కు కూడా పాతదానిలాగే ఉందో లేదో బెల్టు వేయకముందే చూసుకోవాలి, ఎదురైతే మోటారు టెర్మినళ్ళ దగ్గర స్టార్టింగ్ వైండింగ్ రెండు వైర్లను ఎలక్ట్రీషియన్‌తో మార్పించుకోవాలి.