స్లోవేనియా ప్లానింగ్: దేశం చిన్నదని ఒకే చోట బస పెట్టకండి

స్లోవేనియా విస్తీర్ణం 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. అందుకే చాలామంది రాజధాని లుబ్లియానాలో ఒక్క హోటల్ తీసుకుని, రోజుకో ఊరు చూసి రాత్రికి తిరిగొచ్చేలా ప్లాన్ వేస్తారు. జులై, ఆగస్టుల్లో అయితే బ్లెడ్ సరస్సుకు వెళ్లే రోడ్డు మీద, పార్కింగ్ వెతుక్కోవడంలోనే సగం పూట పోతుంది. ఆరు రాత్రులుంటే రెండు లుబ్లియానాలో, మూడు బోహీన్ సరస్సు దగ్గర, ఒకటి సముద్రం ఒడ్డున పిరాన్‌లో పెట్టుకోండి.

ఫొటోల్లో కనిపించేది బ్లెడ్, బస చేయాల్సింది బోహీన్. బ్లెడ్ సరస్సు చుట్టుకొలత ఆరు కిలోమీటర్లు, తాపీగా నడిచినా రెండు గంటలు. పొద్దున ఎనిమిది లోపు చేరితే నీళ్లు కదలకుండా ఉంటాయి, చర్చి ఉన్న దీవి నీడ పూర్తిగా పడుతుంది. ఆ తర్వాత టూరిస్టు బస్సులు దిగుతాయి. దీవికి పడవలో వెళ్తే ఒడ్డు నుంచి 99 మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి. బోహీన్ సరస్సు ఇంకా పెద్దది, జనం తక్కువ. అక్కడి వోగెల్ కేబుల్ కార్ 1,535 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. కారు లేకపోతే రిబ్చెవ్ లాజ్ వైపు గది తీసుకోండి, బస్టాపు, దుకాణం దగ్గరే.

రైలెక్కేవాళ్లు తడబడేది స్టేషన్ల పేర్ల దగ్గర. లుబ్లియానా రైలు ఆగే లెస్త్సె-బ్లెడ్ నుంచి సరస్సు నాలుగు కిలోమీటర్లు. సరస్సుకు దగ్గరున్న బ్లెడ్ యెజెరో వేరే లైను మీద ఉంది, యెసెనిత్సెలో మారాలి. బ్లెడ్‌కి బస్సే మేలు. (బోర్డుల మీద ఇంగ్లిష్ 'జే' కనిపిస్తే 'య' అని చదువుకోండి, సగం ఊళ్ల పేర్లు నోరు తిరుగుతాయి.)

గుహలు రెండూ చూడక్కర్లేదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే పోస్తోయ్నా: లోపలికి చిన్న రైలు తీసుకెళ్తుంది, నడక ఒకటిన్నర కిలోమీటర్లే. కాళ్లలో సత్తువ ఉంటే ష్కొత్సియన్: మూడు కిలోమీటర్లు, అయిదు వందలకు పైగా మెట్లు. కానీ గుహ లోపలి వంతెన మీద నిలబడి చూస్తే చీకట్లో 45 మీటర్ల కింద రేకా నది హోరు వినిపిస్తుంది. అది పోస్తోయ్నాలో దొరకదు. మండు వేసవిలోనూ లోపల 10, 12 డిగ్రీలే, స్వెటర్ తప్పదు.

విమానం సంగతి: 2019లో ఆద్రియా ఎయిర్‌వేస్ మూతపడ్డాక లుబ్లియానాకు సర్వీసులు తగ్గాయి. వెనిస్‌లోనో, జాగ్రెబ్‌లోనో దిగి బస్సెక్కడం తేలిక. జాగ్రెబ్‌కు వేరే వీసా కావాలన్నది పాత మాట, 2023 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉంది. అయినా సరిహద్దులో తనిఖీ ఉండొచ్చు, పాస్‌పోర్టు చేతిసంచీలోనే ఉంచుకోండి. వీసాకు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. ఇటలీలో నాలుగు, ఇక్కడ ఆరు అయితే స్లోవేనియాకే. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి.

కారు వెనిస్‌లో అద్దెకు తీసుకుంటే స్లోవేనియా హైవే టోల్ పాస్, అంటే వినెట్, సాధారణంగా దానికి ఉండదు. అది కారు నంబరుకు ముడిపడి ఉంటుంది కాబట్టి కారు చేతికొచ్చాకే, నంబరు చూసి కొనండి. సున్నాకు బదులు 'ఓ' కొట్టినా పాస్ లేనట్టే, జరిమానా 300 యూరోల నుంచి మొదలు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. 1,611 మీటర్ల వర్షిచ్ కనుమలో 50 హెయిర్‌పిన్ మలుపులు, చలికాలంలో మంచుకు మూసేస్తారు.

శాకాహారులకు ష్ట్రుక్లి దొరుకుతుంది, ఎక్కువగా జున్ను పెట్టి చుట్టిన పిండివంటకం. కూరగాయల సూపు మాత్రం అడక్కుండా తాగొద్దు, మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. 'బ్రెజ్ మెసా' అంటే మాంసం లేకుండా. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, తెరిచుండేవి పెట్రోల్ బంకుల్లోని దుకాణాలు, కొన్ని చిన్న కొట్లు. వంటగది ఉన్న గది తీసుకున్నవాళ్లు పాలు, పెరుగు, బియ్యం శనివారమే తెచ్చిపెట్టుకోవాలి.