రష్‌మోర్ దాటి మూడు రోజులు: లకోటా మాట వినాలనుకునేవారికి

మౌంట్ రష్‌మోర్ చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది ర్యాపిడ్ సిటీలో రెండు రాత్రులుండి, నాలుగు తలల ముందు ఫొటో దిగి, బ్యాడ్‌లాండ్స్ ఒక చుట్టు చుట్టి వెనక్కొచ్చేస్తారు. రష్‌మోర్ ఉన్న ఆ కొండలకు అక్కడి ఆదివాసుల భాష లకోటాలో ‘హే సాపా’ అని పేరు. అంటే నల్లకొండలు. 2019లో సౌత్ డకోటా ప్రభుత్వం లకోటా, డకోటా, నకోటా మాండలికాలను రాష్ట్ర అధికారిక ఆదివాసీ భాషగా గుర్తిస్తూ చట్టం చేసింది. అయినా హైవే మీద వెళ్తుంటే ఆ మాట చెవిన పడదు. దానికి ఇంకో మూడు రోజులు, ఒక కారు, ముందుగా రాసుకున్న రెండు మూడు ఈమెయిళ్లు కావాలి.

బసకు ర్యాపిడ్ సిటీయే నయం. ఎయిర్‌పోర్టు, అద్దె కార్లు, కిరాణా అన్నీ అక్కడే. ఆగస్టు మొదట్లో మాత్రం వద్దు. పక్కనే స్టర్జిస్‌లో మోటార్‌సైకిళ్ల జాతర జరుగుతుంది, ఆ రోజుల్లో గది అద్దెలు చుక్కలు చూపిస్తాయి. చిక్కేమిటంటే లకోటాల్లో ఒగ్లాలా తెగవాళ్ల రిజర్వేషన్ పైన్ రిడ్జ్‌లో ఒగ్లాలా వాచీపి, అంటే పౌవౌ అనే నాట్యాల పండుగ, కూడా ఇంచుమించు అప్పుడే. దానికోసమే వెళ్లేవాళ్లు ఆర్నెల్ల ముందే గది పట్టుకోవాలి. లేదంటే హైవే 18 మీద ఉన్న ప్రెయిరీ విండ్ క్యాసినో హోటల్ చూసుకోవాలి. క్యాసినో అనగానే మొహం చిట్లించక్కర్లేదు, రిజర్వేషన్ లోపల గదీ భోజనమూ ఒకేచోట దొరికేవి బహు తక్కువ. (రిజర్వేషన్ అంటే ఇక్కడ మన కోటా కాదు, తెగలకు మిగిలిన నేల.)

పైన్ రిడ్జ్‌కు రెండు గంటల దారి. ట్యాంకు నింపుకుని, మ్యాపు ఫోన్‌లో ముందే దించుకుని బయల్దేరాలి, సిగ్నల్ మధ్యమధ్య పోతుంది. డిక్కీలో బీరు సీసాలుంటే ర్యాపిడ్ సిటీలోనే వదిలెయ్యాలి. పైన్ రిడ్జ్‌లో మద్యం నిషేధం, కారులో ఉంచుకున్నా నేరమే. రేడియో 90.1 ఎఫ్‌ఎం మీద పెట్టండి. పోర్క్యుపైన్ దగ్గరి గుట్ట మీద నుంచి కిలి స్టేషన్ 1983 నుంచి లకోటా, ఇంగ్లీషు కలిపి వినిపిస్తోంది. ఈ యాత్రలో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా భాష వినగలిగే చోటు ఇదొక్కటే. మ్యూజియంల కంటే దీనికే ఎక్కువ మార్కులు.

మాహ్పియా లూతా స్కూలు ఆవరణలోని హెరిటేజ్ సెంటర్‌కు గంటన్నర కేటాయించాలి. 1888లో జెజూట్ మిషనరీలు పెట్టిన బడి ఇది. పిల్లల నోట సొంత భాష మాన్పించిన కాలం నాటి బడి ఇప్పుడు అదే భాష నేర్పుతోంది, 2023లో లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ ఇంగ్లీషు పేరు వదిలి ఆయన లకోటా పేరే పెట్టుకుంది. ఆయన సమాధీ అక్కడే. పూసల పని, బొమ్మలు కొనాలంటే దారి పక్క కొట్లకన్నా ఇక్కడ నమ్మకం. కైల్‌లోని ఒగ్లాలా లకోటా కాలేజీలో చరిత్ర కేంద్రం ఉంది, అది వేసవి నెలల్లోనే. 1890లో అమెరికా సైన్యం లకోటాలను ఊచకోత కోసిన ఊండెడ్ నీలో సమాధుల గుట్ట దగ్గర మాట తగ్గించి నిలబడాలి, సెల్ఫీలు వద్దు.

ఇక భాష సంగతి. ఇక్కడ తెలుగు చెవికి ఒక లాభముంది. లకోటాలో త వేరు, థ వేరు: ‘తోపా’ నాలుగు, ‘థీపి’ ఇల్లు. ఇంగ్లీషు చెవికి రెండూ ఒకటే. అసలు మనం రాసే ‘లకోటా’ ఇంగ్లీషు మీదుగా వచ్చింది, వాళ్ల పలుకు ‘లఖోతా’కు దగ్గర, ఆ ఖ గొంతు లోపల గీరుకుంటూ రావాలి. ‘ఫిలామయయే’ (కృతజ్ఞతలు) అనేటప్పుడు ఫ సినిమా ఫిలింలో ఫ కాదు, పకు ఒత్తు. మనకు లేనివల్లా గొంతు బిగించి ఠక్కున వదిలే క, త, ప, చలు, అవి విని విని పట్టుకోవాల్సిందే. మగవాళ్లు చివర ‘యెలో’ చేరుస్తారు. టీచర్లు ఆడవాళ్లైతే మగ విద్యార్థులకు ఆడవాళ్ల ముక్తాయింపులే అలవాటై నవ్వులపాలవడం మామూలు. పలకరింపు కూడా మగవాళ్లకు ‘హౌ’, ఆడవాళ్లకు ‘హఁ’.

వరసలు చూస్తే మన ఊరే. తండ్రి అన్నదమ్ములూ ‘అతే’లే, అంటే నాన్నలే. తల్లి అక్కచెల్లెళ్లూ ‘ఇనా’లే. మేనమామ మాత్రం ‘లెక్షి’, మేనత్త ‘థుంవిఁ’. అంకుల్, ఆంటీలతో సరిపెట్టే ఇంగ్లీషు పుస్తకంలోంచి నేర్చుకుంటే ఈ తేడా జారిపోతుంది.

పసిపిల్లల ఇమ్మర్షన్ బడులు, అంటే అంతా లకోటాలోనే నడిచే బడులు, చూడాలని అందరికీ ఉంటుంది. పోర్క్యుపైన్ దగ్గర థండర్ వ్యాలీ అనే సంస్థ ఒకటి నడుపుతోంది. ఉత్తరాన ఉన్న మరో రిజర్వేషన్ స్టాండింగ్ రాక్‌లో సిటింగ్ బుల్ కాలేజీ 2012లో మొదలుపెట్టింది. చెప్పకుండా వెళ్తే తలుపు తియ్యరు, తియ్యకపోవడమే న్యాయం. ఇంగ్లీషు మాట్లాడే పెద్దమనిషి ఒక్కడు గదిలో అడుగుపెడితే చాలు, మూడేళ్ల పిల్లలంతా ఇంగ్లీషులోకి మారిపోతారు. ఆఫీసుకు నెల ముందు రాసి, ఏం చూడనిస్తే అది చూడాలి. పెద్దల మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యబోకండి. పెద్దల రికార్డింగులు ఎవరి సొత్తన్న గొడవ మీదే 2022లో స్టాండింగ్ రాక్ తెగ కౌన్సిల్ ఒక భాషా సంస్థను బహిష్కరించింది. ఎవరైనా కూర్చుని నేర్పితే వారి సమయానికి డబ్బు ఇవ్వడం మర్యాద.

పైన్ రిడ్జ్ నుంచి మిషన్ ఊరికి దాదాపు వంద మైళ్లు. మార్టిన్ దాటి టాడ్ కౌంటీలోకి రాగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది. మూడింటి అపాయింట్‌మెంటుకు నాలుగింటికి చేరేది ఇలాగే. మిషన్‌లోని సింతే గ్లెష్కా యూనివర్సిటీలో ఆల్బర్ట్ వైట్ హ్యాట్ ఏళ్ల తరబడి లకోటా చెప్పారు, ఆయన పాఠ్యపుస్తకం 1999లో వచ్చింది. ఆయన లిపి పద్ధతి వేరు, 2008 నాటి కొత్త నిఘంటువుది వేరు. రెండూ కలిపి కొంటే ఒకే మాట రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపించి తికమక. ఎవరి దగ్గర నేర్చుకుంటారో తేల్చుకున్నాకే పుస్తకం కొనండి. ఇక్కడి నుంచి స్టాండింగ్ రాక్ అదే ట్రిప్పులో కలపాలంటే ఒక రోజంతా స్టీరింగే. బిస్మార్క్‌కు విమానంలో వెళ్లి స్టాండింగ్ రాక్‌లోని ఫోర్ట్ యేట్స్‌కు కారులో దిగడం తేలిక, బస ప్రెయిరీ నైట్స్ క్యాసినో హోటల్లో.

శాకాహారులు మూడు పూటలకు సరిపడా పులిహోర కట్టుకోవాలి. ఫ్రై బ్రెడ్ మన పూరీకి బొద్దు అక్కలాంటిది, కానీ దేంట్లో వేయించారో అడగాలి, పందికొవ్వు కావచ్చు. దాంతో ఇచ్చే ‘వోజాపి’ పళ్ల పాకం నిశ్చింతగా తినొచ్చు.

మినియాపొలిస్ నుంచి బయల్దేరేవాళ్లు డకోటా వైపు భాష ఊళ్లోనే చూసుకోవచ్చు. కాల్హూన్ చెరువు ఇప్పుడు ‘బ్దే మకా స్కా’. బ్దే అంటే చెరువు, లకోటాలో అదే ‘బ్లే’. స్నేహితుడు అక్కడ ‘ఖోలా’ అయితే ఇక్కడ ‘ఖోదా’. చుట్టూ నడవడానికి గంట పడుతుంది. శనివారాల్లో పార్కింగ్ దొరకదు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.